కుళాయి నీళ్లు, మేయరు కుర్చీ
1958 నాటి ఢిల్లీ ఎన్నిక కథ

ఉర్దూ పాఠంలో 'యర్ఖాన్' అనే మాట వచ్చినప్పుడు పిల్లలకు అర్థం ఒక్క ముక్కలో చెప్పేస్తాం: పచ్చకామెర్లు. ఆ మాట పక్కన ఒక నగరం పేరు, ఒక సంవత్సరం కూడా రాసుకోమని నేను చెబుతుంటాను. ఢిల్లీ, 1955. ఎందుకని పిల్లలు అడుగుతారు. చెప్పాలంటే ఒక ఎన్నిక దాకా వెళ్లాల్సి వస్తుంది.

ఆ ఏడు యమునకు వరద వచ్చింది. వరద తీసేసరికి నది తన దారి కొంచెం మార్చుకుంది. ఢిల్లీకి తాగునీరు తోడే చోటు వజీరాబాద్. నగరం మురుగును మోసుకొచ్చే నజఫ్‌గఢ్ కాలువ దానికి దిగువన నదిలో కలుస్తుంది. దిగువన ఉన్నంతకాలం ఏ బాధా లేదు. నది పక్కకు జరిగేసరికి మురుగు వెనక్కి ఎగదన్ని, నీళ్లు తోడే చోటుకే చేరింది. తేడా గమనించి క్లోరిన్ మోతాదు పెంచారు. అందువల్ల టైఫాయిడ్, విరేచనాలు ప్రబలలేదు. కామెర్ల క్రిమి మాత్రం ఆ క్లోరిన్‌కు చావలేదు. నవంబరు చివర మొదలై జనవరి దాకా 29,300 మందికి కళ్లు పచ్చబడ్డాయి. అన్నం వండుకునే నీళ్లు అవే, వుజూ చేసుకునే నీళ్లు అవే. అందరికంటే ఎక్కువగా దెబ్బతిన్నది గర్భిణులు. చనిపోయినవారిలో వారి పాలు ఎక్కువని అప్పటి వైద్యులే రాసిపెట్టారు.

దేశ రాజధానిలో, పార్లమెంటు ఉన్న ఊళ్లో, జనం తమ మురుగు తామే తాగవలసి వచ్చింది. ఎవరిని అడగాలి? నీళ్లు, మురుగు ఒక బోర్డు చేతిలో ఉండేవి. కరెంటు మరో బోర్డుది, బస్సులు ఇంకో సంస్థవి. వీధులు, దీపాలు, చెత్త చూసే మునిసిపల్ కమిటీలు, చిన్నా చితకా స్థానిక సంస్థలు కలిపి పదికి పైగా ఉండేవి. ఓటరు ఏ గుమ్మం ముందు నిలబడినా 'ఇది మా పరిధి కాదు' అనే మాట వినడానికి తగిన ఏర్పాటు అది. (ఈ మాట మన ఊళ్లలోనూ వినబడుతుంటుందని మీరు నవ్వుకోవచ్చు.)

అప్పటికి ఢిల్లీకి ఒక శాసనసభ ఉంది. 1952లో ఏర్పడింది. అదీ నిలవలేదు. జస్టిస్ ఫజల్ అలీ అధ్యక్షతన ఏర్పడిన రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ సంఘాన్ని మనవాళ్లు తెలంగాణ సంగతిలో తలచుకుంటారు. ఢిల్లీకి విడిగా శాసనసభ అక్కరలేదని, నగరపాలనకు ఒక పెద్ద కార్పొరేషన్ ఉంటే చాలని చెప్పింది కూడా ఆ సంఘమే. 1956 నవంబరు 1న మనకు ఆంధ్రప్రదేశ్ వచ్చింది. అదే రోజు ఢిల్లీ కేంద్రపాలిత ప్రాంతమైంది, దాని శాసనసభ రద్దయింది. ఆపైన 1957లో పార్లమెంటు ఢిల్లీ మునిసిపల్ కార్పొరేషన్ చట్టం చేసింది. నీళ్లు, కరెంటు, బస్సులు, వీధులు అన్నీ ఒక్క సభ కిందికి తెచ్చింది. న్యూఢిల్లీ, కంటోన్మెంటు మాత్రం విడిగా ఉండిపోయాయి.

అందుకే 1958 మార్చిలో జరిగిన ఎన్నిక మామూలు వార్డు ఎన్నిక కాలేదు. రాష్ట్ర స్థాయి సభ పోగొట్టుకున్న జనానికి తమ నగరం గురించి ఓటు వేసే అవకాశం అదొక్కటే.

ఆ జనం ఎవరో కూడా చూడాలి. 1941 లెక్కల్లో ఢిల్లీలో మూడోవంతు ముస్లిములు. 1951 లెక్కలకు వచ్చేసరికి ఆరు శాతం లోపు. పదేళ్లలో ఒక నగరం మారిపోయింది. పశ్చిమ పంజాబు నుంచి ఇల్లూ వాకిలీ వదిలి వచ్చిన కాందిశీకులు లక్షల్లో స్థిరపడ్డారు. బల్లీమారాన్, జామా మసీదు చుట్టుపక్కల మిగిలిన ముస్లిం కుటుంబాలు పోయినవారి ఇళ్లను చూస్తూ బతికాయి. ఇద్దరి గాయాలూ మానలేదు. కాందిశీకుల్లో జనసంఘ్‌కు గట్టి పట్టు ఉండేది. అయితే కామెర్లు ఎవరి కథా అడగలేదు. వీధి కుళాయి దగ్గర వరసలో నిలబడిన లాహోరు తల్లీ, ఢిల్లీ తల్లీ పట్టుకున్నవి ఒకటే నీళ్లు.

ఫలితాలు వచ్చాయి. 80 స్థానాల్లో కాంగ్రెస్‌కు అందరికంటే ఎక్కువ వచ్చాయి గాని సగం రాలేదు. జనసంఘ్‌కు 25, కమ్యూనిస్టులకు 8. నెహ్రూ గారు ప్రధానిగా ఉన్న రాజధానిలో ఆయన పార్టీకి మెజారిటీ లేదు! ఇక మేయరును ఎన్నుకోవలసింది ఓటర్లు కాదు, సభ్యులు. మన హైదరాబాదులో 2002లో జరిగినట్టు ప్రజలు నేరుగా మేయరుకు ఓటు వేసే పద్ధతి అక్కడ లేదు. పదవీకాలం కూడా ఒక్క ఏడాదే, మళ్లీ ఎన్నిక. ఎనిమిది మంది ఉన్న పార్టీ ఎటు మొగ్గితే అటు కుర్చీ.

కాంగ్రెస్, కమ్యూనిస్టులు ఒక పేరు మీద కలిశారు. అరుణా అసఫ్ అలీ.

ఈ పేరు దగ్గర కాసేపు ఆగాలి. 1909లో కాల్కాలో పుట్టిన బెంగాలీ అమ్మాయి అరుణా గంగూలీ. 1928లో తనకంటే ఇరవై ఏళ్లకు పైగా పెద్దవాడైన ఢిల్లీ బారిస్టరు అసఫ్ అలీని ఇంటివారి ఇష్టానికి వ్యతిరేకంగా పెళ్లాడారు. అసెంబ్లీ బాంబు కేసులో భగత్ సింగ్ తరఫున వాదించిన అసఫ్ అలీ ఈయనే. ఆజాద్ హింద్ ఫౌజ్ సైనికుల రక్షణ సంఘంలోనూ ముందున్నారు. 1942 ఆగస్టు 9న నాయకులందరూ అరెస్టయిన పూట బొంబాయి గొవాలియా ట్యాంక్ మైదానంలో జెండా ఎగరేసింది అరుణ. తర్వాత మూడేళ్లకు పైగా పోలీసులకు దొరకలేదు. ప్రభుత్వం ఆమె ఆస్తి వేలం వేసింది. 1953లో భర్త స్విట్జర్లాండులో రాయబారిగా ఉండగా కన్నుమూశారు. ఆమె కాంగ్రెస్ నుంచి సోషలిస్టుల్లోకి, అక్కడి నుంచి కమ్యూనిస్టుల్లోకి వెళ్లి, 1956లో ఆ పార్టీనీ వదిలారు. నా ఉద్దేశంలో ఇద్దరికీ ఒప్పుకోదగిన మనిషి కావడానికి అదే కారణం. అందరి ఇంట్లోనూ కొన్నాళ్లు ఉన్నారు, ఎవరి ఇంటా మిగల్లేదు. విభజన చీల్చిన నగరం తన మొదటి మేయరుగా ఒక బెంగాలీ హిందూ కుటుంబపు ఆడబిడ్డను, ఒక ముస్లిం ఇంటి కోడలిని కుర్చీలో కూర్చోబెట్టింది. మన పుస్తకాల్లో ఈ సంగతికి ఒక్క వాక్యం కూడా దక్కకపోవడం నాకు వింతగానే ఉంటుంది.

చాందినీ చౌక్‌లోని పాత టౌన్‌హాలులో సభ కొలువు తీరింది. కాని కుర్చీ ఎక్కినంత మాత్రాన తాళం చెవులు చేతికి రాలేదు. చట్టం ప్రకారం పని చేయించే అధికారం కమిషనరుది. ఆయన్ను నియమించేది కేంద్ర ప్రభుత్వం. మేయరు సభ నడపవచ్చు, రికార్డులు చూడవచ్చు, కమిషనరు నుంచి నివేదిక కోరవచ్చు. పైపు వేయించమని స్వయంగా ఉత్తర్వు ఇవ్వలేరు. పోలీసు కేంద్రం దగ్గరే ఉంది. భూముల సంగతి చూడటానికి 1957లోనే వేరే సంస్థ పుట్టింది. ఇల్లు అప్పగించి వంటగది తాళం దగ్గర పెట్టుకున్నట్టు!

అయినా ఆ ఎన్నిక వృథా అంటే నేను ఒప్పుకోను. అంతకుముందు బోర్డు గదిలో మూసిన తలుపుల వెనక జరిగే నీళ్ల లెక్క, ఇప్పుడు వార్డు నుంచి వచ్చిన మనిషి లేచి నిలబడి అడగగలిగే లెక్క అయింది. జవాబు నచ్చకపోతే తర్వాతి ఎన్నికలో ఓటరు ఆ మనిషిని ఇంటికి పంపగలడు. అలా పంపారు కూడా. 1962లో సభ కాంగ్రెస్ చేతికి వెళ్లింది, 1967లో జనసంఘ్ చేతికి. ఆ 1960వ దశకంలోనే బారిస్టర్ నూరుద్దీన్ అహ్మద్ మేయరుగా అదే టౌన్‌హాలులో కూర్చున్నారు. 1947 తర్వాత సామాను సర్దుకున్న వీధుల్లో ఉండిపోయినవారికి ఆ పేరు ఎంత ధైర్యమిచ్చి ఉంటుందో ఊహించుకోవచ్చు.

అరుణ గారు ఆ కుర్చీని ఎక్కువ కాలం పట్టుకుని కూర్చోలేదు, పత్రికల పనిలోకి మళ్లారు. 1996లో కన్నుమూశారు, మరుసటి ఏడాది భారతరత్న ఇచ్చారు. ఆ కార్పొరేషన్‌ను 2012లో మూడు ముక్కలు చేసి, 2022లో మళ్లీ ఒకటి చేశారు. ఆ ఏడాది డిసెంబరులో ఎన్నిక జరిగితే, నామినేటెడ్ సభ్యులు మేయరుకు ఓటు వేయవచ్చా అన్న తగాదా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. వేయకూడదని కోర్టు చెప్పాకే 2023 ఫిబ్రవరిలో మేయరు ఎన్నికయ్యారు. ఆ మేయరూ మహిళే.

1955లో కామెర్లు వచ్చినవారి దగ్గర తీసిన రక్తం కొంత శాస్త్రవేత్తలు దాచి ఉంచారు. 1980లో దాన్ని మళ్లీ పరీక్షించి, అందరూ అనుకున్న పాతరకం కామెర్లు కావవి అని తేల్చారు. గర్భిణుల పాలిట అంత క్రూరంగా ఉండే ఆ క్రిమికి తర్వాత హెపటైటిస్ ఇ అని పేరు పెట్టారు. వజీరాబాద్ నీళ్లు తాగి పోయిన ఆ తల్లుల జబ్బు ఏమిటో తేలడానికి పాతికేళ్లు పట్టింది.