శరత్కాలపు ముసురు

హస్త, చిత్త కార్తెలలో మా తరగతి బాలురు మమ్ము తఱచుగా నడుగు ప్రశ్న యొకటి కలదు. "అయ్యవారూ, నిన్న వాన పడునని రేడియోలో చెప్పిరి. మార్కాపురమున పడినదట. మా యూర చినుకైన లేదు. వారు చెప్పినది కల్లయా?" అను నదియే యా ప్రశ్న. ఆ మాట నమ్మి శనగ విత్తనములు కొని తెచ్చిన తండ్రి యింట నుండగా, బాలుడు దీని నడుగుట న్యాయమే. కావున దీనికి విశదముగా నుత్తరము వ్రాయ నెంచితిమి.

మార్కాపురము, కంభము, గిద్దలూరు ప్రాంతములు నల్లమల కొండలకు తూర్పున నున్నవి. వేసవి పిదప వీచు నైరృతి ఋతుపవనములు పడమటి కనుమల నెక్కునపుడే తమ నీటిలో పెద్ద భాగము నావలి వైపున కురిసి, మిగిలిన కొలది తేమతో మన సీమకు వచ్చును. ఆశ్వయుజ కార్తిక మాసములలో గాలి దిక్కు మాఱి, బంగాళాఖాతము మీదుగా ఈశాన్యము నుండి వీచ నారంభించును. అప్పుడు సముద్రముపై నల్పపీడన మేర్పడినచో మేఘములు దినముల తరబడి క్రమ్ముకొని సన్నగా కురియుచుండును. దీనినే మన పెద్దలు ముసురందురు.

ముసురు దినములలో వేడియు చలియు మితముగా నుండుటకు మేఘములే కారణము. అవి పగలు ఎండ నడ్డగించును. రాత్రి భూమి విడుచు వేడిమిని పైకి పోనీయక దుప్పటివలె నిలుపును. అందుచే పగటికిని రాత్రికిని భేదము తగ్గును.

ఇక సూచనలోని మాటల యర్థమును తెలిసికొందము. 1875లో స్థాపింపబడిన భారత వాతావరణ శాఖవారు ప్రతి మాటకు నొక కొలత నేర్పఱచిరి. ఒక ప్రాంతమందలి వర్షమాపక కేంద్రములలో నూటికి 25 వఱకు వాన పడునని తోచినపుడు "ఒకటి రెండు చోట్ల" అందురు. 26 మొదలు 50 వఱకైన "కొన్ని చోట్ల", 51 మొదలు 75 వఱకైన "అనేక చోట్ల" అందురు. ఒక దినమున 2.5 మొదలు 15.5 మిల్లీమీటర్ల వఱకు పడినది తేలికపాటి వర్షము, 64.4 వఱకు మోస్తరు వర్షము. అంతకు మించినది భారీ వర్షము. కావున "కొన్ని చోట్ల తేలికపాటి వర్షము" అన్నచో, సగము చోట్లనైన వాన యుండదనియే తాత్పర్యము. ఆ బాలుని యూరు వాన లేని సగములో నుండెను. సూచన కల్ల కాలేదు.

ఈ చిన్న వాన విలువ యెంత? ఎకరముపై నొక మిల్లీమీటరు కురిసిన, దాదాపు 4,000 లీటర్ల నీరగును. పది మిల్లీమీటర్లకు 40,000 లీటర్లు. ఆ నీరొక్క గడియలో కురిసిన, వాలు నేలపై మన్నును గోసికొనుచు వాగులవెంట గుండ్లకమ్మకు పోవును. మూడు దినములు మెల్లగా కురిసిన, నేలలో నింకును. గుండ్లకమ్మ కడ్డముగా గట్టిన కంభము చెఱువు నిండుటకు కొండలలో గట్టి వాన కావలెను; నల్లరేగడిలో శనగ మొలచుటకు ముసురు చాలును. అయితే విచ్చిన పత్తికి మాత్ర మీ ముసురే కీడు.

బాలురారా, మీ యూరి వానను మీరే కొలువవచ్చును. నిలువు ప్రక్కలు గల డబ్బా నొకదానిని చెట్లకును గోడలకును దూరముగా నుంచి, ప్రతి యుదయము ఎనిమిదిన్నరకు అందలి నీటి లోతును కొలబద్దతో చూచి వ్రాసికొనుడు. ఆ లోతే వాన కొలత. విత్తుటకు ముందు, విత్తు పడు లోతున తడి యున్నదో లేదో మన్ను త్రవ్వి చూడుమని మీ తండ్రులతో చెప్పుడు. రేడియోయు ఫోనును సీమ యంతటి సంగతి తెలుపును. మీ చేని సంగతి మీ చేతి మన్నే తెలుపవలెను.