“పరవాలేదు” అను మాటకు ఇంగ్లీషు

కోసిగి రైలుస్టేషనులో బండికొరకు వేచియున్న వారి మాటలు ఆలకించినచో ఒక పలుకు తప్పక చెవిని పడును. “ఈ తూరి పత్తి ఎట్లుందన్నా?” అని చిన్నవాడడుగును. “పరవాలేదప్పా” అని పెద్దవాడు బదులు చెప్పును. పంట విరగబండెనని ఆయన అనలేదు, చెడిపోయెననియు అనలేదు. విచారింపవలసిన పని లేదని మాత్రమే చెప్పెను.

“పరవా” పారసీకమునుండి వచ్చిన మాట. చింత, లక్ష్యము అని దాని అర్థము. దానికి “లేదు” చేర్చి మనము తెలుగు చేసికొంటిమి. కన్నడిగులు “పరవాగిల్ల” అందురు. ఉర్దూ మాటలాడువారు “పర్వా నహీ” అందురు. ఆదోని సీమ 1800 వరకు నిజాము ఏలుబడిలో నుండి, పిదప కుంపిణీవారి వశమై, బళ్లారి జిల్లాలో చేరినది. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము ఏర్పడినపుడు కర్నూలు జిల్లాలో కలిసినది. కనుక ఈ మూడు భాషలును అచ్చట ఇరుగుపొరుగులే. మూడింటికిని ఈ మాట సొంతమే.

చిక్కెల్ల దీనిని ఇంగ్లీషులోనికి మార్చునపుడు వచ్చును. ఈ ప్రాంతపు యువకుడొకడు ఉద్యోగమునకు దరఖాస్తు పెట్టుచున్నాడనుకొందము. ఎవరి జోలికిని పోని బుద్ధిమంతుడని అతని గురించి వ్రాయదలచి, పెద్దమనిషి యొకరు నిఘంటువు తిరగవేసి, “ఇనఫెన్సివ్” అను విశేషణమును వ్రాసియిచ్చెను. ఎవరికిని నొప్పి కలిగింపనివాడని దాని అర్థము. అర్థములో తప్పు లేదు. కాని చదువు అధికారికి తోచునది వేరు: “ఇతనివలన బాధ లేదు సరే, ప్రయోజనమేమి?” మెచ్చుకొనుటకు మరేమియు దొరకనందున ఈ మాట వ్రాసిరని ఆయన తలపవచ్చును. మేలు చేయబోయిన మాటయే ఆ యువకునికి అడ్డు తగులును.

ఇట్టి ఇంగ్లీషు విశేషణములను నాలుగు తెగలుగా చూచిన తేటపడును.

మొదటి తెగ హాని లేదనునది. “హార్మ్‌లెస్”, “ఇన్నాక్యువస్” ఇందులోనివి. రెండవ మాటకు మూలము హాని చేయుట అను అర్థముగల లాటిను ధాతువు. నిర్దోషి అను అర్థముగల “ఇన్నసెంట్” కూడ దాని తోబుట్టువే. విషము లేని పామునకును, ఎవరినీ నొప్పింపని పరిహాసమునకును ఈ మాటలు చెల్లును.

రెండవ తెగ ఆక్షేపణ లేదనునది. “అన్‌అబ్జెక్షనబుల్”, “అన్‌ఎక్సెప్షనబుల్” అనునవి ఇట్టివి. ఇక్కడ ఒక గుంట కలదు. “అన్‌ఎక్సెప్షనబుల్” అనగా వేలెత్తి చూపుటకు వీలులేనిది. దానినే పోలిన “అన్‌ఎక్సెప్షనల్” అనగా విశేషమేమియు లేని సామాన్యమైనది. ఒకరి నడవడిని గూర్చి మొదటిది వ్రాయబోయి రెండవది వ్రాసినచో, గౌరవము కాస్తా చప్పబడిపోవును. ఇంగ్లీషు పుట్టుభాషగా గలవారును ఈ రెంటిని తారుమారు చేయుట కలదు.

మూడవ తెగ ఎట్లో గట్టెక్కినదనునది. “పాసబుల్”, “టాలరబుల్” ఇందులోనివి. మొదటిది దాటిపోనీయదగినది, రెండవది ఓర్చుకొనదగినది. విందుకు పిలిచిన ఇల్లాలితో వంట “టాలరబుల్” అన్నచో, మరునాడు పిలుపు రాకపోవచ్చును!

నాలుగవ తెగ కాలక్రమమున రంగు మారిన మాటలు. “అనోడైన్” గ్రీకు మాట. నొప్పిలేనిదని దాని మూలార్థము. నొప్పిని పోగొట్టు మందునకు పేరై యుండెను. నేడు ఒక ఉపన్యాసమును అట్లన్నచో, ఎవరినీ నొప్పింపరాదను జాగ్రత్తలో అసలు విషయమే చెప్పలేదని ఎత్తిపొడుపు. దీనికి ఎదురుబాటన నడచినది “నైస్”. లాటినులో ఏమియు తెలియనిదని అర్థమిచ్చు మాటనుండి పుట్టి, మూఢుడను అర్థముతో ఇంగ్లీషున కాలుమోపి, క్రమముగా చక్కనిది, ఇంపైనది అను అర్థమునకు ఎదిగినది. మాటలకు పుట్టుక ఒకటి, బ్రతుకు మరొకటి.

దోషము లేకుండుట వేరు, గుణము కలిగియుండుట వేరు. మన అలంకారికులకు ఇది తెలియని విషయము కాదు. మమ్మటుడు కావ్యప్రకాశమున కావ్యలక్షణము చెప్పుచు, శబ్దార్థములు దోషరహితములు కావలెనని ఊరకుండలేదు; గుణములు గలవియు కావలెననెను. కచేరీలలో నడచు నిరభ్యంతర పత్రమును చూడుడు. సంస్కృతమున “అభ్యంతరము” అనగా లోపలిది. తెలుగున అది అడ్డు, ఆక్షేపణ అయినది. ఆ పత్రము మీరు కట్టబోవు ఇల్లు బాగున్నదని చెప్పదు. మావలన అడ్డు లేదని మాత్రమే చెప్పును. కచేరీకి అంత చాలును. మనుష్యుని గురించి చెప్పునపుడు అంత చాలదు.

మాటలకు మాటలు వెదకుట ఎంత శ్రమయో కడపకు తెలియును. 1820లో అచ్చట కొలువునకు వచ్చిన చార్లెసు ఫిలిపు బ్రౌను తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు 1852లో వెలువడినది. కాని నిఘంటువు మాటకు అర్థము చెప్పగలదు. దాని బరువును మాత్రము వాడుకలోనే తూచవలెను.

కనుక ఆ యువకుని గురించి వ్రాయు పెద్దమనిషికి మా మనవి యొకటే. అతనిలో ఏమి లేదో చెప్పి ఆగకుడు. ఏమి యున్నదో చెప్పుడు. వేళకు వచ్చునా, లెక్క తప్పడా, అప్పగించిన పని ముగించునా? వానిలో నిజమైనది తేలిక మాటలలో వ్రాయుడు. “పరవాలేదప్పా” అను మాటలో పలుకువాని ముఖమున నవ్వుండును, గొంతులో తృప్తి యుండును. కాగితముపైకి ఆ నవ్వును, ఆ గొంతును రావు. వానికి బదులుగా మంచి మాట యొకటి మనమే చేర్చవలెను.