ఊరికి వెళ్లేముందు ఓసారి లైబ్రరీకి

శామీర్‌పేట అంటే హైదరాబాదు వాళ్లకు చెరువు, రిసార్టులు గుర్తొస్తాయి. సోషియాలజీ చదివినవాళ్లకు ఎస్.సి.దూబే గుర్తొస్తారు. 1951-52లో ఉస్మానియా విశ్వవిద్యాలయం చేపట్టిన సామాజిక సేవా ప్రాజెక్టులో భాగంగా ఆయన బృందం ఆ ఊరిని అధ్యయనం చేసింది. ఒకపక్క గ్రామస్థులకు సేవలు, మరోపక్క కులాల, కుటుంబాల పరిశీలన. అదే 1955లో ‘ఇండియన్ విలేజ్’ అనే పుస్తకంగా వచ్చింది.

ఆ ఊరు ఈ డెబ్బై ఏళ్లలో ఎలా మారిందో ఒక ఎం.ఏ. విద్యార్థిని రాయాలనుకుందనుకోండి. ఇంటర్నెట్‌లో ఊరి పేరు కొడితే ముందు ప్లాట్ల ప్రకటనలే వస్తాయి. డ్యూయీ పద్ధతిలో పుస్తకాలు సర్దిన లైబ్రరీలోనైతే గ్రామ సమాజాలకు 307, సామాజిక వర్గాలకు 305 అంకెలున్న అరలు చూడాలి. సంక్షేమం, సోషల్ వర్క్ పుస్తకాలు 361, 362 దగ్గర విడిగా ఉంటాయి. చాలామంది ఒక అర చూసి వెనుదిరుగుతారు.

అసలు గని జనాభా లెక్కల పుస్తకాలు. జిల్లా సెన్సస్ హ్యాండ్‌బుక్కులు 1951 లెక్కలతో మొదలయ్యాయి. 2011 నాటి హ్యాండ్‌బుక్ ఎ భాగంలో ఏ ఊళ్లో బడి ఉంది, తాగునీరు ఎక్కడి నుంచి వస్తోంది వంటివి ఉంటాయి. బి భాగంలో ఇళ్లు, అక్షరాస్యులు, ఎస్సీ, ఎస్టీ జనాభా, పనివాళ్ల వివరాలు. ఇక్కడొక చిక్కుంది. శామీర్‌పేట ఇప్పుడు మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలో ఉంది గానీ, ఆ జిల్లా పుట్టిందే 2016లో. కాబట్టి 2011 లెక్కలకు రంగారెడ్డి జిల్లా పుస్తకం తీయాలి. 1978కి ముందు రంగారెడ్డి జిల్లా కూడా లేదు, అప్పటి లెక్కలకు హైదరాబాదు జిల్లా పుస్తకమే దిక్కు. ఇది తెలియక ‘సమాచారం లేదు’ అని రాసేస్తే గైడ్ చేతిలో చీవాట్లు తప్పవు.

తర్వాత శోధ్‌గంగ. పీహెచ్‌డీ గ్రంథాల ఎలక్ట్రానిక్ ప్రతులు సమర్పించాలని యూజీసీ 2009లో నిబంధన పెట్టింది. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే ఈ భాండాగారంలో లక్షల సిద్ధాంత గ్రంథాలను ఎవరైనా ఉచితంగా చదవొచ్చు. అధ్యాయానికో పీడీఎఫ్ ఉంటుంది. అందరూ ముగింపు అధ్యాయం దించుకుని సరిపెట్టుకుంటారు. చివరన అనుబంధంలో ఉండే ప్రశ్నావళి అంతకన్నా విలువైనది. ఒంటరి మహిళల పింఛను గురించి ఇంటింటికీ తిరిగిన పరిశోధకుడు ఏ ప్రశ్న ముందు అడిగాడో, ఆదాయం సంగతి ఎక్కడ ఎత్తాడో అందులో కనిపిస్తుంది.

జర్నళ్లలో టాటా సామాజిక విజ్ఞాన సంస్థ 1940 నుంచి తెస్తున్న ‘ఇండియన్ జర్నల్ ఆఫ్ సోషల్ వర్క్’, 1966 నుంచి ఈ పేరుతో వస్తున్న ‘ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ’ పాత సంపుటాలు తిరగేయదగ్గవి. విదేశీ జర్నళ్ల చందా భారం ప్రభుత్వ విశ్వవిద్యాలయాలకు కొంత తగ్గింది. 2025 జనవరిలో మొదలైన ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ కింద సుమారు 13,000 జర్నళ్లు అందుతున్నాయి.

తెలుగులో రాసిన పాత సిద్ధాంత గ్రంథాలతో మాత్రం వేరే ఇబ్బంది. యూనికోడ్ కాని ఫాంట్లలో టైపు చేసినవి, బొమ్మలుగా స్కాన్ చేసినవి తెలుగు మాటలతో వెతికితే దొరకవు. వాటికోసం లైబ్రేరియన్‌ని అడిగి, శాఖ గ్రంథాలయంలో తాళం వేసిన బీరువా తెరిపించుకోవాల్సిందే.