బోర్డవుట్ అయిన జవానుకు రావాల్సిన పింఛను

ధరమ్‌వీర్ సింగ్ 1985 జూన్‌లో సైన్యంలోని సిగ్నల్స్ విభాగంలో సిపాయిగా చేరాడు. అప్పటి వైద్య పరీక్షలో అతనికి ఫలానా జబ్బు ఉందని ఎవరూ రాయలేదు. తొమ్మిదేళ్లు నిండకుండానే మూర్ఛరోగం పట్టుకుంది. 1994 ఏప్రిల్ 1 నుంచి ఇక సర్వీసుకు పనికిరాడని ఇంటికి పంపేశారు. వైకల్యం 20 శాతమని మెడికల్ బోర్డు లెక్కకట్టింది. కానీ ఆ జబ్బుకూ సైనిక సర్వీసుకూ సంబంధం లేదని తేల్చింది. దాంతో వైకల్య పింఛను రాకుండా పోయింది. హిమాచల్ ప్రదేశ్ హైకోర్టులో ఒక న్యాయమూర్తి ముందు గెలిచి, అదే కోర్టు డివిజన్ బెంచి ముందు ఓడి, చివరికి సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. 2013 జులై 2న తీర్పు అతని పక్షాన వచ్చింది. ఇల్లు చేరి అప్పటికి పందొమ్మిదేళ్లు దాటింది.

ఈ కేసు పేరు ఇవాళ దేశంలో వైకల్య పింఛను కోసం పోరాడే దాదాపు ప్రతి మాజీ సైనికుడి పిటిషన్‌లోనూ కనిపిస్తుంది. చట్టం ఏం చెబుతోందో, ఆఫీసుల్లో ఏం జరుగుతోందో, రెంటికీ నడుమ ఉన్న దూరం ఎంతో ఈ ఒక్క కేసు చూస్తే తెలుస్తుంది.

జవాన్ల మాటల్లో 'బోర్డవుట్' అంటే అనారోగ్యం వల్ల గడువుకు ముందే సర్వీసు నుంచి పంపేయడం. పూర్తికాలం పనిచేసి దిగేవాళ్లు ఆరోగ్యం తగ్గి 'లో మెడికల్ కేటగిరీ'లో ఉంటే వాళ్లకు కూడా చివర్లో మెడికల్ బోర్డు జరుగుతుంది. ఏ బోర్డయినా రెండు విషయాలు తేల్చాలి. వైకల్యం ఎంత శాతం? అది సర్వీసు వల్ల వచ్చిందా, లేక వేరే కారణంతో మొదలై సర్వీసు వల్ల ముదిరిందా? మామూలుగా వైకల్యం 20 శాతానికి తగ్గకూడదు. సర్వీసుతో ఏదో ఒక రకమైన సంబంధమూ ఉండాలి. ఈ రెండూ ఉంటేనే పింఛను.

తూటా తగిలినవాడి విషయంలో రెండో ప్రశ్నకు జవాబు వెతుక్కోనక్కర్లేదు. చిక్కంతా రక్తపోటు, మధుమేహం, మూర్ఛ, మానసిక వ్యాధుల దగ్గరే. సియాచిన్ మంచులోనో, ఉగ్రవాదుల వేటలోనో ఏళ్ల తరబడి నిద్రలేక గడిపినవాడికి నలభయ్యో ఏట రక్తపోటు వస్తే, అది ఉద్యోగం తెచ్చిన జబ్బా, వంశపారంపర్యమా? 'శాంతి ప్రాంతంలో ఉండగా బయటపడింది కాబట్టి సర్వీసుతో సంబంధం లేదు' అన్న మాట బోర్డులకు అలవాటైపోయింది. శాంతి ప్రాంతంలో ఉన్నంత మాత్రాన సైనిక ఉద్యోగపు ఒత్తిడి లేదనుకోవడం సరికాదని ఢిల్లీ హైకోర్టు 2025లో చెప్పింది. ఇంటికి దూరంగా, కఠినమైన క్రమశిక్షణలో, పిలిస్తే ఏ క్షణానైనా కదలాల్సిన బతుకు ఆరోగ్యాన్ని తినేయదని ఎవరు మాత్రం అనగలరు?

ప్రమాదాల లెక్క వేరు. ప్రభుత్వ ఖర్చుతో సెలవు మీద ఇంటికి వెళుతూనో, తిరిగి యూనిట్‌కు వస్తూనో దారిలో గాయపడితే ఆ ప్రయాణాన్ని డ్యూటీగానే చూడాలని 1982 నాటి పింఛను అర్హత నియమాలు చెప్పాయి. ఇంటికి చేరాక సొంత పని మీద బండెక్కి పడితే మాత్రం సర్వీసుతో సంబంధం చూపించడం కష్టం.

ఇక డబ్బు సంగతి. బోర్డవుట్ అయినవాడి వైకల్య పింఛనులో రెండు భాగాలుంటాయి. చేసిన సర్వీసుకు ఇచ్చేది ఒకటి, వైకల్యానికి ఇచ్చేది మరొకటి. వైకల్యం నూరు శాతమైతే ఈ రెండో భాగం చివరి జీతంలో 30 శాతం. తక్కువైతే ఆ దామాషాలో తగ్గుతుంది. లెక్కలోకి వచ్చే చివరి జీతం 40,000 రూపాయలనుకుందాం. నూరు శాతానికి 12,000 రూపాయలు, 20 శాతానికి 2,400 రూపాయలు వస్తాయి. యుద్ధ గాయమైతే వైకల్య భాగం రేటు ఇంకా ఎక్కువ.

ఇక్కడే చాలామందికి తెలియని మేలు ఒకటుంది. 1996 తర్వాత బోర్డవుట్ అయినవాళ్లకు శాతాన్ని పైకి సర్దుతారు. 50 కన్నా తక్కువుంటే 50గా, 50 నుంచి 75 లోపైతే 75గా, 76, ఆ పైన ఉంటే నూరుగా లెక్కిస్తారు. అంటే పై ఉదాహరణలో 2,400 కాస్తా 6,000 అవుతుంది, దాని మీద కరువు భత్యం అదనం. ఈ సర్దుబాటు పూర్తికాలం చేసి దిగినవాళ్లకూ వర్తించాలని రామ్ అవతార్ కేసులో సుప్రీంకోర్టు 2014 డిసెంబరు 10న తేల్చింది. అయినా దానికోసం ఎందరో ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రైబ్యునల్ మెట్లెక్కి ఆర్డరు తెచ్చుకోవాల్సి వచ్చింది. పదవీ విరమణ చేసిన హవల్దారుకు నెలకు మూడున్నర వేల తేడా అంటే చిన్న మొత్తం కాదు.

ధరమ్‌వీర్ ఎందుకు గెలిచాడు? 1982 నియమాల్లోనే దానికి జవాబుంది. చేరేటప్పుడు జబ్బు ఉన్నట్టు రాయకపోతే మనిషి ఆరోగ్యంగా ఉన్నట్టే లెక్క. ఆ తర్వాత ఆరోగ్యం చెడితే అది సర్వీసు వల్లేనని భావించాలి. రుజువు చేసే భారం జవాను మీద లేదు, అనుమానం ఉంటే దాని ఫలితం అతనికే దక్కాలి. సర్వీసుతో సంబంధం లేదనదలచుకున్న బోర్డు అందుకు కారణాలు రాయాలి. ధరమ్‌వీర్ కాగితాల్లో కారణమే లేదు. వేలాది కేసుల్లో జరిగింది ఇదే. టిక్కు పెట్టిన గడి, దాని పక్కన అర వాక్యం, కింద సంతకాలు.

ఒక్క హెచ్చరిక. 2008లో వచ్చిన నియమాలు ఈ భావనను పలచబరిచాయి. 2023 సెప్టెంబరు 21 నుంచి మరో కొత్త నియమావళి అమల్లోకి వచ్చింది. కాబట్టి ముందుగా చూడాల్సింది ఎప్పుడు సర్వీసు వదిలారన్నదే. మిత్రుడికి వచ్చింది కదా, నాకూ అలాగే వస్తుందనుకుంటే పొరపాటు పడొచ్చు.

తెలుగు నేలకు సైన్యంతో పాత బంధం. పశ్చిమ గోదావరి జిల్లాలో తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని జనం మిలిటరీ మాధవరం అనే పిలుస్తారు. మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచి ఆ ఊరు సైన్యానికి మనుషుల్ని ఇస్తూనే ఉంది. అలాంటి ఊళ్లలో సైగ చేస్తే సలహా చెప్పడానికి ఒక రిటైర్డ్ సుబేదారయినా ఉంటాడు. కుటుంబంలో మొదటిసారి సైన్యానికి వెళ్లినవాడికి ఆ అండ ఉండదు. సర్వీసులో హిందీ నేర్చుకున్నా, ఇంటికొచ్చే తిరస్కరణ ఉత్తరం ఆఫీసు ఇంగ్లీషులో ఉంటుంది. అప్పీలు చేసుకునే గడువు అందులోనే చివరి పేరాలో ఉంటుంది. ఆ పేరా చదివి చెప్పేవాళ్లు లేక గడువు దాటబెట్టుకున్నవాడికి చట్టం ఎంత అనుకూలంగా ఉంటే మాత్రం ఏం లాభం?

అందుకే సాయం చేసేవాళ్లు మొదట చేయాల్సిన పని కాగితాలు చేరదీయడం. డిశ్చార్జి బుక్, మెడికల్ బోర్డు ప్రొసీడింగ్స్, తిరస్కరణ ఉత్తరం, పింఛనేదైనా వస్తుంటే దాని చెల్లింపు ఉత్తర్వు (పీపీఓ). గాయమైతే అప్పటి ఇంజురీ రిపోర్టు, కోర్ట్ ఆఫ్ ఎంక్వయిరీ కాగితాలు. బోర్డు ప్రొసీడింగ్స్ చేతిలో లేకపోతే సమాచార హక్కు చట్టం కింద రికార్డ్ ఆఫీసును అడగొచ్చు. ఆ ఆఫీసు ఎక్కడన్నది పనిచేసిన విభాగాన్ని బట్టి ఉంటుంది. ఈఎంఈ, ఆర్డ్‌నెన్స్ వాళ్లకు సికింద్రాబాద్‌లోనే ఉంది. ఆర్టిలరీకి నాసిక్ రోడ్, సిగ్నల్స్‌కు జబల్‌పూర్, మద్రాస్ రెజిమెంట్‌కు వెల్లింగ్టన్. పింఛను లేకుండా ఇంటికి వచ్చినవాళ్ల రికార్డులను సైన్యం 25 ఏళ్లే దాచి, తర్వాత నాశనం చేస్తుంది. పింఛను ఇవ్వలేదు కాబట్టి కాగితం ఉండదు, కాగితం లేదు కాబట్టి పింఛను అడగలేడు. ఇంతకన్నా అన్యాయమైన వలయం మరొకటి ఉండదు.

కాగితాలు చేతికొచ్చాక అప్పీలు. మొదటి అప్పీలు తిరస్కరిస్తే రెండోది, దానికీ ఫలితం లేకపోతే ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రైబ్యునల్. 2007 చట్టం కింద ఏర్పడిన ఈ ట్రైబ్యునల్ 2009లో పని మొదలుపెట్టింది. తెలుగు రాష్ట్రాల కేసులు చూసేది చెన్నై బెంచి. అప్పీలులో 'నేను దేశానికి సేవ చేశాను' అని నాలుగు పేజీలు రాయడం కన్నా, ఫలానా ఏడాది ఫలానా చోట పోస్టింగులో ఉండగా మొదటిసారి లక్షణాలు కనిపించాయి, ఫలానా సైనిక ఆస్పత్రిలో చేరాను, చేరినప్పటి పరీక్షలో ఈ జబ్బు రాయలేదు, బోర్డు కారణం చెప్పలేదు అని ఒక్క పేజీ రాస్తే ఎక్కువ పని జరుగుతుంది. పోస్టింగుల వరస, ఆస్పత్రి తేదీలు పక్కపక్కన పెడితే కేసు బలం తేటతెల్లమవుతుంది.

ఈ సాయం ఉచితంగానే అందాలి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాలు ఉన్నది ఇందుకే. సైనిక సంక్షేమ బోర్డుల్లో న్యాయ సహాయ కేంద్రాలు పెట్టే వీర్ పరివార్ సహాయతా యోజనను జాతీయ న్యాయ సేవాధికార సంస్థ 2025 జులై 26న, కార్గిల్ విజయ దినం నాడు ప్రారంభించింది. బకాయిల్లో ఇంత శాతం ఇస్తే పని చేసిపెడతామనే దళారుల చేతికి ఒరిజినల్ కాగితాలు ఇవ్వకండి.

ప్రభుత్వం మాట కూడా వినాలి. వైకల్య పింఛనుతో దిగుతున్నవాళ్ల శాతం జవాన్లలో కన్నా అధికారుల్లో చాలా ఎక్కువగా ఉందని కాగ్ 2023లో ఎత్తిచూపింది. దుర్వినియోగం ఉంటే పట్టుకోవాల్సిందే. దాని కోసం ట్రైబ్యునల్‌లో గెలిచిన జవాన్లందరి మీదా పైకోర్టులకు వెళ్లడం మాత్రం సమర్థించలేని పని. రక్షణ మంత్రిగా మనోహర్ పారికర్ 2015లో వేసిన నిపుణుల కమిటీ ఇలాంటి అప్పీళ్లు మానుకోమనే చెప్పింది. అధీనరేఖ దగ్గర గస్తీలో ఉండగా ప్రాణం విడిచిన సైనికుడి భార్యను పింఛను కోసం సుప్రీంకోర్టు దాకా ఈడ్చినందుకు 2024 డిసెంబరులో ఆ కోర్టు కేంద్రానికి 50,000 రూపాయల ఖర్చులు విధించింది.

కొత్త తరానికి ఈ మాత్రం దారి కూడా లేదు. 2022లో మొదలైన అగ్నిపథ్ కింద చేరిన అగ్నివీరుడు నాలుగేళ్ల కాలంలో సర్వీసు వల్ల వికలాంగుడైతే నెలనెలా వచ్చే వైకల్య పింఛను ఉండదు. వైకల్యం నూరు శాతమైతే 44 లక్షలు, 75 శాతమైతే 25 లక్షలు, 50 శాతమైతే 15 లక్షల రూపాయలు ఒకేసారి ఇస్తారు. ఇరవై రెండేళ్ల కుర్రాడు కాలు పోగొట్టుకుంటే ఆ మొత్తంతో మిగతా జీవితమంతా గడపాలి. కొడుకును సైన్యానికి పంపే తల్లిదండ్రులు ఈ సంగతి ముందే తెలుసుకోవాలి.

పాతవాళ్లు మాత్రం గడువు ఎప్పుడో దాటిందని ఆశ వదులుకోనక్కర్లేదు. తర్సేమ్ సింగ్ అనే జవాను 1983లో బోర్డవుట్ అయి, 1999లో గానీ కోర్టుకు వెళ్లలేదు. పింఛను నెలనెలా అందాల్సినది కాబట్టి ఆలస్యమైనా అడిగే హక్కు ఉంటుందని, బకాయిలు మాత్రం పిటిషన్ వేసిన నాటికి వెనక్కి మూడేళ్లకే పరిమితమని సుప్రీంకోర్టు 2008లో చెప్పింది. మీ వీధిలో బోర్డవుట్ అయి వచ్చిన మనిషి ఉంటే, ఆయన ట్రంకుపెట్టెలోని కాగితాలు తీయించి ఈ వారమే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి తీసుకెళ్లండి. ఆలస్యం చేసిన ప్రతి నెలా, వెనక ఒక నెల బకాయి శాశ్వతంగా పోతుంది.