దండెం మీద ఎండ పరిమళం

ఎండలో ఆరిన దుప్పటిని మడతపెడుతూ ఒక్కసారైనా ముఖానికి ఆనించుకోని వారుండరేమో! ఆ కమ్మని వాసన సబ్బుదీ కాదు, సెంటుదీ కాదు. అచ్చంగా ఎండదే!

ఇది ఉత్త భ్రమ కాదు. కోపెన్‌హాగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు తువ్వాళ్లను శుద్ధమైన నీటితో ఉతికి కొన్నిటిని గదిలో, కొన్నిటిని నీడలో, కొన్నిటిని ఎండలో ఆరేశారు. ఎండ తగిలిన తడిబట్టలో కొత్త పరిమళ రసాయనాలు పుడుతున్నాయని 2020లో తేల్చారు. ఏలకుల్లో ఉండే పెంటనాల్, నారింజ వాసన గుర్తుచేసే ఆక్టనాల్ అందులో ఉన్నాయి.

మరి ఇంట్లో ఆరేసిన బట్టలకు ఆ చెమ్మ వాసన ఎందుకు? మొరాక్సెల్లా అనే బ్యాక్టీరియా అందుకు కారణమని 2012లో జపాన్ శాస్త్రవేత్తలు గుర్తించారు. బట్ట ఎంతసేపు తడిగా ఉంటే దానికి అంత పండగ. పైగా బట్టల్లోని నీరంతా గది గాలిలోకే చేరుతుంది. గోడలకు బూజు పట్టేది అందుకే.

కరెంటు డ్రయర్ వాడితేనో? ఒక్క వాయికి రెండు నుంచి నాలుగు యూనిట్లు కాలుతుంది. దండేనికి అయ్యే ఖర్చు... నాలుగు క్లిప్పులు!

చిక్కల్లా చోటుతోనే. బాల్కనీలో బట్టలు కనిపిస్తే అందం చెడుతుందని అభ్యంతరపెట్టే అపార్ట్‌మెంట్లు ఎన్నో. అమెరికాలోనూ ఇదే గొడవ. పెరట్లో దండెం కట్టకూడదని అక్కడ చాలా కాలనీల్లో నిబంధన. అలాంటి నిషేధాలు చెల్లవంటూ వెర్మాంట్ రాష్ట్రం 2009లో చట్టమే చేసింది.

మన దగ్గర అంత దూరం వెళ్లక్కర్లేదు. అందరూ కూర్చుని మాట్లాడుకుని మేడమీద నాలుగు తీగలు కట్టించుకుంటే సరి.

ఆరేసేటప్పుడు...

* బాగా జాడించి, దులిపి వేస్తే ముడతలు తగ్గుతాయి.
* రంగు బట్టల్ని తిరగేసి ఆరేయాలి. పట్టుచీరలకు నీడే మేలు.
* తువ్వాళ్లు, దుప్పట్లు, పసిపిల్లల బట్టలకు మంచి ఎండ తగలనివ్వాలి.
* ఒకదానిమీద ఒకటి వేయకుండా మధ్యలో గాలాడనివ్వాలి.
* వానాకాలంలో తప్పనిసరై ఇంట్లో ఆరేస్తే కిటికీ తెరిచి, ఫ్యాను వేయాలి.

ఎండ మనకు ఏడాదిలో చాలా రోజులు ఉచితంగానే దొరుకుతోంది. కాస్త చోటిస్తే చాలు, మిగతా పని అదే చూసుకుంటుంది.