విత్తనపు మడికి కొడవలే కావాలి

చీరాల పక్కన ఈపురుపాలెం అనగానే ఎవరికైనా చేనేత మగ్గాలే గుర్తొస్తాయి. ఆ ఊరి పేరుతోనే ఉన్న స్ట్రెయిట్ కట్ డ్రెయిన్ మాత్రం వరిపొలాలకు సంబంధించింది. డెల్టా మడుల్లో మిగులు నీటిని సముద్రంలోకి దించే దారుల్లో అదొకటి. 1986లో విడుదలైన బీపీటీ 5204, మనందరి సాంబ మసూరి, పుట్టింది కూడా ఈ పక్కనే, బాపట్లలో.

ఈ పొలాల్లో ఇప్పుడు వరికోతలు చాలావరకు మిషన్లవే. రైతును తప్పుపట్టలేం, కూలీలు దొరకడం కష్టం. కానీ విత్తనం కోసం ఉంచుకున్న పది సెంట్లలోకి మిషన్ దిగితే, అంతకుముందు కోసిన చేలో గింజలు దాని కడుపులో మిగిలి ఇందులో కలుస్తాయి. అరుదైన దేశవాళీ రకమైతే కొన్నేళ్లలో కల్తీ అయిపోతుంది. తుఫానొస్తే మరో చిక్కు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. అలాంటప్పుడు నీళ్లలో పడుకున్న చేలోకి చక్రాల మిషన్ దిగలేదు. చైన్ మిషన్‌కు బాడుగ ఎక్కువ.

అందుకే చిన్న మడికి మనుషులు కావాలి. కోత నేర్చుకోవలసిన పనే. ఎడమచేత్తో దుబ్బు ఒడిసిపట్టి, కక్కు పెట్టిన కొడవలిని దుబ్బు మొదట్లో ఆనించి తన వైపుకి లాగాలి. వెన్నులన్నీ ఒకే వైపు ఉండేలా పనలు వేయాలి. ఎండాక కట్టలు కట్టి బల్లమీద కొడితే గింజ రాలుతుంది. గాలివాటు చూసుకుని చేటతో తూర్పారబడితే తాలు దూరంగా ఎగిరిపోతుంది, గట్టి గింజ కాళ్ల దగ్గరే పడుతుంది. విత్తనానికి తీయవలసింది ఆ గింజనే. 13 శాతం తేమకు మించకుండా ఎండబెట్టి దాచాలి.

ఒకప్పుడు ఇరుగుపొరుగు బదులుకు వెళ్లి ఇలాంటి పనులు చేసిపెట్టేవారు. ఈ రోజు నీ చేను, రేపు నా చేను. ఆ పద్ధతిని చిన్న మడుల వరకైనా నిలబెట్టడం ఊరు వదిలి వచ్చిన మన సంఘాలకు తగిన పని. ఒక్క మాట: సాయానికి వెళ్లామని, ఏళ్లుగా వంగి కోసి ఆ పని నేర్చిన ఆడకూలీల కూలి పోగొట్టకూడదు. వాళ్లకు పూర్తి కూలి ఇచ్చి, వాళ్ల వెంటే వరుసలో నిలబడదాం.

మనం సంక్రాంతికి ఊరెళ్లేసరికి కోతలు చాలావరకు అయిపోతాయి. ఈసారి సెలవు డిసెంబరులో పెట్టండి. పిల్లల్ని కూడా తీసుకెళ్లండి. మీ ఊళ్లో దేశవాళీ విత్తనం కాపాడుతున్న రైతు ఎవరో ఇప్పుడే కనుక్కుని, కోతకు వస్తామని చెప్పండి.