పసిబిడ్డ వినికిడి పరీక్ష – చౌక ఇయర్‌ఫోన్‌తో

బిడ్డ పుట్టగానే కన్ను, కాలు, చెయ్యి అన్నీ చూసుకుంటాము. వినికిడి లోపం మాత్రం పైకి కనబడదు. రెంజల్, బోధన్ పల్లెల తల్లులు "గిన్నె మోగిస్తే తిరిగి చూస్తున్నడు సిస్టర్" అని మాతో అంటారు. కానీ చెయ్యి కదలిక చూసి కూడా బిడ్డ తిరుగుతాడు. కొద్దిగా వినబడే బిడ్డ పెద్ద శబ్దానికి ఉలిక్కిపడతాడు. మూడేళ్ళకు మాటలు రాలేదని తెచ్చేసరికి, మాట నేర్చుకునే విలువైన కాలం చాలావరకు గడిచిపోతుంది.

మన లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో కాక్లియా అనే భాగం ఉంటుంది. అందులోని సన్నని కణాలు ఆరోగ్యంగా ఉంటే, రెండు వేర్వేరు స్వరాలు ఒకేసారి వినిపించినప్పుడు అవి మూడవ స్వరాన్ని చాలా మెల్లగా బయటికి పంపుతాయి. చెవి ఇలా శబ్దం చేస్తుందని లండన్‌లో డేవిడ్ కెంప్ 1978లో చూపించారు. దాన్ని పట్టుకునే పరీక్షే ఓ.ఏ.ఈ. బిడ్డ నిద్రలో ఉండగానే చేయవచ్చు. సూది లేదు, నొప్పి లేదు. అయితే ఆ యంత్రం ఖరీదు వేల డాలర్లు.

అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో గొల్లకోట శ్యామ్ గారి వద్ద పిహెచ్.డి. చేసిన జస్టిన్ చాన్, తోటివారితో కలిసి దీనికి మార్గం వెదికారు. మామూలు ఇయర్‌ఫోన్లు, చిన్న మైకు, ఒక సెల్‌ఫోన్ – ఇంతే సామాను. ఒకే స్పీకరు రెండు స్వరాలూ పలికితే అవి అందులోనే కలిసి దొంగ మూడవ స్వరం పుడుతుంది. అందుకే ఒక్కో ఇయర్‌ఫోను ఒక్కో స్వరమే పలుకుతుంది. చెవి పంపే జవాబును మైకు వింటుంది, ఫోను లెక్క కడుతుంది. చెవిలో పెట్టే సాధనానికి ఖర్చు సుమారు 10 డాలర్లు. 2022లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, 201 చెవులను పరీక్షించగా వినికిడి లోపం ఉన్నవి ఒక్కటీ తప్పిపోలేదు. లోపం లేనివాటిలో సుమారు 89 శాతం సరిగా తేలాయి. ఖరీదైన యంత్రం ఫలితం కూడా దాదాపు ఇంతే.

ఒక మాట గుర్తుంచుకోండి. ఈ పరీక్షలో జవాబు రాకపోతే బిడ్డ చెవిటి అని కాదు. చెవిలో నీరు, మురికి ఉన్నా అలా కావచ్చు. మళ్ళీ చేయించాలి. వినికిడి నరంలో లోపాన్ని ఇది పట్టదు, దానికి బెరా పరీక్ష కావాలి.

తల్లులకు మా సలహా:
1. నెలలోపు వినికిడి పరీక్ష, అనుమానముంటే 3 నెలలలోపు నిర్ధారణ, 6 నెలలలోపు చికిత్స మొదలు కావాలి.
2. ఆరు నెలలకు పిలుపు వైపు తిరగకపోయినా, ఏడాదికి అమ్మ, తాత వంటి మాటలు రాకపోయినా డాక్టరుకు చూపించండి.
3. అంగన్‌వాడీకి వచ్చే బాల స్వాస్థ్య బృందానికి తప్పక చెప్పండి.

"వాళ్ళ నాయనకూ మాటలు ఆలస్యంగనే వచ్చినయి" అని ఆగకండి. ఆగితే నష్టపోయేది బిడ్డే.